వాగు పక్క బోరు నీళ్లు మరగబెట్టి పశువులకు పోయవచ్చా?

ప్రశ్న: సంగారెడ్డి జిల్లాలో నక్కవాగుకు దగ్గరగా మా బోరు ఉంది. ఇంటికీ, ఆరు బర్రెలకూ అవే నీళ్లు. పట్టి ఉంచితే పైన పసుపు తెట్టు కడుతోంది. పోయిన వారం ఒక దుడ్డె పళ్లు కొరుకుతూ, చూపు పోయి, గోడకు తల ఆనించి నిలబడి, రెండు రోజుల్లో చనిపోయింది. నీళ్లలో సీసం ఉందంటున్నారు. మరగబెట్టి పోస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. మరగబెడితే క్రిములు చస్తాయే గాని సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి లోహాలు పోవు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో వాటి గాఢత పెరుగుతుంది. పసుపు తెట్టు సాధారణంగా ఇనుము వల్ల కట్టేది. సీసం కంటికి కనిపించదు కాబట్టి తేట నీటిని కూడా నమ్మలేము. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వైపు నుంచి వచ్చి మంజీరలో కలిసే ఈ వాగులోకి ఏళ్ల తరబడి పరిశ్రమల వ్యర్థాలు చేరాయి గనుక మీ అనుమానం నిరాధారమైనది కాదు.

అయితే దుడ్డె చావుకు బోరే కారణమని ఇప్పుడే తీర్మానించుకోవద్దు. మీరు రాసిన లక్షణాలు సీసం విషానికి సరిపోతాయి గాని, నీటి ద్వారా చేరే సీసం ఎక్కువగా నెమ్మదిగా పనిచేస్తుంది. రెండు రోజుల్లో ప్రాణం తీసేది తరచుగా కొట్టం మూలన పడేసిన పాత బ్యాటరీ, పెచ్చులూడిన పాత రంగు వంటి వాటిలోని సీసం. దుడ్డెలు వీటిని నాకుతాయి. ముందు అక్కడ వెతకండి. బి1 విటమిను లోపంలోనూ, పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే రేబిస్‌లోనూ కొంతవరకు ఇవే లక్షణాలు ఉంటాయి. కాబట్టి ఆ దుడ్డె నోట్లో చేయి పెట్టినవారు వెంటనే వైద్యుణ్ణి కలవాలి. మరో పశువు ఇలా చేస్తే పశువైద్యుణ్ణి పిలిపించండి. సీసానికి విరుగుడు ఇంజెక్షను ఉంది, అది ఆయన చేతి మీదుగానే పడాలి.

నీటి పరీక్షకు ఇచ్చేటప్పుడు సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, క్రోమియం, పాదరసం అని పేరు పేరునా అడగండి. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చూపే టీడీఎస్ మీటరుకు సీసం అందదు. మోటారు పది నిమిషాలు నడిచాక, ప్రయోగశాల వారే నైట్రిక్ ఆమ్లం వేసి ఇచ్చిన సీసాలో, దాన్ని కడగకుండా నీళ్లు పట్టండి. ఆమ్లం లేకపోతే లోహం సీసా గోడలకు అంటుకొని ఫలితం తక్కువగా వస్తుంది. మనుషులు తాగే నీటిలో లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.003 మిల్లీగ్రాములు దాటకూడదు. పశువులకు సీసం 0.1 మిల్లీగ్రాముల వరకు చెల్లుతుందంటారు గాని, పాలిచ్చే బర్రె రోజుకు యాభై లీటర్లకు పైగా తాగుతుంది గనుక నేను ఆ హద్దు దాకా వెళ్లమనను.

ఫలితం వచ్చేవరకు ఇంట్లో తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నీళ్లే వాడండి, ముఖ్యంగా పిల్లలకూ గర్భిణులకూ. ఆర్‌ఓ యంత్రం లోహాలను చాలావరకు తీసేస్తుంది. కాని అది బయటికి వదిలే నీటిని చాలామంది వృథా ఎందుకని కుడితి తొట్టిలో పోస్తున్నారు. తీసేసిన లోహమంతా ఆ నీటిలోనే ఉంటుంది కనుక దాన్ని పశువులకు పెట్టవద్దు. వాగు ఒడ్డున కోసిన గడ్డి కూడా ఆపండి. విషం ఎక్కిన పశువు పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే పాలలో సీసాన్ని విడుస్తుంది గనుక, నీటిలో సీసం తేలితే పాలను కూడా పరీక్షింపజేయండి. పాలలో కిలోకు 0.02 మిల్లీగ్రాములు దాటితే వాటిని అమ్మకండి, మిగిలిన దుడ్డెలకూ తాగించకండి.