ఆ మైనస్ బ్రాకెట్ మొత్తానిది

తిరుపతి

అమ్ములూ,

మీ అమ్మ పంపిన నీ లెక్కల పేపరు ఫోటో రెండుసార్లు చూశాను. 20కి 9 వచ్చాయని అన్నం తినలేదట. పోయిన మార్కులన్నీ ఒక్కచోటే పోయాయి తల్లీ. కూడికలు ఒక్కటీ తప్పలేదు. సజాతి పదాలు, అంటే ఒకే అక్షరం ఒకే ఘాతంతో ఉన్నవి, చక్కగా జతచేశావు. ఇలాంటి పదాలు కొన్ని కలిసిన బహుపదుల తీసివేత రాగానే చెయ్యి జారింది. 30 ఏళ్లు పేపర్లు దిద్దాను, ఈ తప్పు లేని క్లాసు నేను చూడలేదు.

మీరు ఎక్స్ అనేదాన్ని ఇక్కడ 'క' అని రాస్తాను. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు కూడా తెలియని రాశులకు యా, కా, నీ అని మన అక్షరాలే వాడాడు.

నీ మూడో లెక్క చూడు. 7క² − 2క + 4 నుండి 3క² − 5క + 9 ని తీసివేయాలి. నువ్వు 4క² − 7క + 13 అన్నావు. అంటే 3క² ని తీసేశావు, మిగతా రెండింటినీ ఉన్న గుర్తులతోనే కలిపేశావు.

పోయిన ఎండాకాలం నాతో మార్కెట్టుకు వచ్చావు కదా. బేనిషా మామిడికాయలు 200 రూపాయలన్నాడు, రెండింటికి మచ్చలున్నాయని 50 తగ్గించాడు. మనం 500 నోటిచ్చాం. అతను ముందు 200 పట్టుకుని 300 చేతిలో పెట్టాడు, తర్వాత గుర్తొచ్చి ఇంకో 50 ఇచ్చాడు. 500 − (200 − 50) అంటే అదే. 200 మొత్తం తీసేస్తే 50 ఎక్కువ తీసినట్టు, అది వెనక్కి రావాలి. అందుకే లోపలి మైనస్ బయటికొస్తే ప్లస్ అవుతుంది. −5క కూడా అంతే, +5క అయి వస్తుంది. +9 ని మాత్రం తీసేయాల్సిందే, అది −9 అవుతుంది.

కాబట్టి నోట్సులో ఒక లైను ఎక్కువ రాయి, మనసులో చెయ్యొద్దు:

7క² − 2క + 4 − 3క² + 5క − 9

ఇప్పుడు సజాతి పదాలు కలుపు: 4క² + 3క − 5.

సరిచూడ్డానికి క బదులు 2 పెట్టు. మొదటిది 28, రెండోది 11, తేడా 17. నా జవాబులో 16 + 6 − 5, అదీ 17. నీ జవాబులో 15 వస్తుంది. 1 మాత్రం పెట్టొద్దు. 1కి వర్గమూ 1 కాబట్టి ఘాతాంకం (క² లో పైనున్న 2) తప్పు రాసినా బయటపడదు.

క అంటే ఒక రకం మామిడి, క² అంటే ఇంకో రకం అని చెప్పేవాళ్లున్నారు. నాకది నచ్చదు. క ఒక సంఖ్య. అది 2 అయితే 3క అంటే 6, 3క² అంటే 12. రెండూ కలిపితే 18. 6క³ అని రాస్తే 48 అవుతుంది. అందుకే ఇలా ఘాతం వేరైన విజాతి పదాలను విడిగానే ఉంచుతాం.

ఇంకొకటి. మీ పుస్తకంలో ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కనే ఉంటాయి, ఇంగ్లీషు వాక్యంలో తీసేయాల్సింది ముందు వస్తుంది. తెలుగులో 'నుండి' ఏ బహుపదికి తగిలిందో అది ముందు రాసుకో, 'ని' తగిలినదాన్ని బ్రాకెట్లో పెట్టు.

5క² − క నుండి 2క² − 3క − 6 ని తీసివేసి, రాత్రికి ఫోటో పంపు. మొదటిదాంట్లో స్థిరపదం, అంటే క లేని అంకె, లేదు, అక్కడ 0 ఉందనుకో. గుర్తులు మార్చిన లైను ఫోటోలో కనపడాలి.

మీ తాత