మంచం ఉత్తరానికా, పడమరకా?

ప్రశ్న: మాది మియాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. మావారికి కొన్ని నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదు. ఫెంగ్ షుయ్ (చైనావాళ్ళ వాస్తు) యాప్‌లో ఆయన పుట్టిన సంవత్సరం 1987 కొడితే 'కువా' నంబరు (పుట్టిన ఏడాదిని బట్టి మంచి దిక్కులు చెప్పే అంకె) 4 అని, తల ఉత్తరానికి పెట్టుకోమని వచ్చింది. నాకేమో 8 వచ్చింది, ఉత్తరం పనికిరాదట. ఉత్తరం మాటెత్తితేనే అత్తయ్యగారు ఊరుకోవడం లేదు. ఆయన జనవరి 20న, నేను 1990 ఆగస్టులో పుట్టాం. గది తలుపు ఉత్తరపు గోడకి తూర్పు చివర ఉంది. కిటికీ దక్షిణాన, అద్దం బీరువా తూర్పు గోడకి. మంచం ఒకటే, ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: జనవరి అని రాసి మంచి పని చేశారమ్మా. చిక్కంతా అక్కడే ఉంది. ఈ లెక్కలో ఏడాది జనవరి 1న మారదు, ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే 'లీ చున్' రోజున మారుతుంది. ఉగాదికి ముందు పుట్టినవాళ్ళకి మనం పాత సంవత్సరం పేరే చెప్పమూ, అలాగే. కాబట్టి మీవారిది 1986 కిందకి వస్తుంది. 8, 6 కలిపితే 14, దాన్ని కలిపితే 5. మగవాళ్ళకి దాన్ని 10లోంచి తీసేయాలి, మళ్ళీ 5. కువాలో 5 ఎవరికీ ఉంచరు. మగవాళ్ళకైతే 2, ఆడవాళ్ళకైతే 8 అంటారు. మీ 8 సరైనదే. (2000 నుంచి పుట్టిన పిల్లలకి లెక్క వేరు, ఇదే వాడేయకండి.)

2, 8 రెండూ పడమటి గుంపే. అంటే మీ ఇద్దరికీ మంచి దిక్కులు ఒకటే: పడమర, నైరుతి, వాయవ్యం, ఈశాన్యం. పడమర ఆయనకి 'తియన్ యీ', ఆరోగ్యం చూసే దిక్కు. మీకు 'యన్ నియన్', దాంపత్యానిది. ఉత్తరం ఇద్దరికీ కుదరదు. అత్తయ్యగారికి చెప్పండి, సంతోషిస్తారు.

అయినా నన్నడిగితే నంబరు తర్వాత, తలుపు ముందు. పడుకున్నవాడికి తలుపు కనిపించాలి, కానీ కాళ్ళు సూటిగా దానికేసి ఉండకూడదు. శవాన్ని కాళ్ళు ముందుగా బయటికి తీసుకెళ్తారని చైనావాళ్ళకి ఆ పడక గిట్టదు. మీ పడమటి గోడకి కిటికీ లేదు, తలుపూ లేదు. తలగడ వైపు దానికి ఆనించి మంచం వేస్తే తలుపు ఏటవాలుగా కనిపిస్తుంది, కాళ్ళు తూర్పుకి వస్తాయి. ఇంతకంటే ఏం కావాలి! పైన దూలం ఉంటే మాత్రం దాని కిందనుంచి జరపండి.

మిగిలింది బీరువా అద్దం. మంచం అందులో కనిపించకూడదంటారు. బీరువా జరపలేకపోతే రాత్రిపూట ఒక దుప్పటి వేసేయండి చాలు. ఆ యాప్ అమ్మే గంటలు, స్ఫటికాలు కొనకండి.

దిక్కు చూసేటప్పుడు ఫోన్‌ని ఇనుప మంచానికి, బీరువాకి దూరంగా పట్టుకోండి, లేకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. ఇక నిద్ర సంగతి. మంచం తిప్పితే నిద్ర వస్తుందని నేను హామీ ఇవ్వను. నెలల తరబడి పట్టడం లేదంటున్నారు, ముందు డాక్టరుకి చూపించండి. గురక ఉంటే అదీ చెప్పండి. మంచం ఈ ఆదివారమే జరుపుకోవచ్చు, దానికి ముహూర్తం అక్కర్లేదు.