ఐదో రోజు రీడింగ్

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగే చదువుతానని పట్టుబట్టావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ముందు సంతోషమే వేసింది, నా తర్వాత ఈ దారి పట్టేవాడు ఇంట్లో ఒకడు తేలాడని. ఫోన్ పెట్టేశాక గుబులు మొదలైంది. నీకు నదులూ చెట్లూ అంటే ప్రాణం, లెక్కలంటే చిరాకు. ఈ కోర్సులో మొదటి రెండేళ్లూ నది కనపడదురా, అన్నీ లెక్కలే.

ఏమేం కావాలో ముందు చెప్పేస్తాను. చేరడానికి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ గట్టిగా ఉండాలి. డిగ్రీ చాలాచోట్ల నాలుగేళ్లు. కాల్క్యులస్ నుంచి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ దాకా గణితం, స్టాటిస్టిక్స్, కెమిస్ట్రీ, కొంత జీవశాస్త్రం, కొంత భూశాస్త్రం. వాటి మీద ఫ్లూయిడ్ మెకానిక్స్, అంటే నీళ్లూ గాలీ ఎలా కదులుతాయో చెప్పే శాస్త్రం. ఆ తర్వాతే నీటిశుద్ధి, మురుగునీటి శుద్ధి, గాలి కాలుష్యం, చెత్త నిర్వహణ. చివరి ఏడాది డిజైన్ ప్రాజెక్టు. కొన్ని కాలేజీల్లో ఇంటర్న్‌షిప్ కూడా తప్పనిసరి. ఇంకొకటి, కాలేజీకి పేరుంటే చాలదు, ఈ కోర్సుకు విడిగా అక్రిడిటేషన్, అంటే ప్రమాణాలకు తగ్గట్టుందని బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు, ఉందో లేదో చూడు. ఇంజనీరింగ్ డిగ్రీల గుర్తింపు మీద 1989లో కుదిరిన వాషింగ్టన్ అకార్డ్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపున్న డిగ్రీ అయితే అందులో ఉన్న మిగతా దేశాల్లోనూ లెక్కలోకి వస్తుంది.

ఈ సబ్జెక్టులన్నీ ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. కాల్క్యులస్ ఫెయిలైతే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో కూర్చోనివ్వరు, అది లేకపోతే ఫ్లూయిడ్స్ లేదు, ఫ్లూయిడ్స్ లేకపోతే ప్లాంటు డిజైన్ లేదు. పైగా కొన్ని సబ్జెక్టులు ఏడాదికి ఒక్కసారే చెబుతారు. మొదటి ఏడాది పడ్డ ఒక్క బ్యాక్‌లాగ్ చివర్లో ఏడాదిని మింగేస్తుంది.

ఈ లెక్కలు నదికెందుకంటావా? మురుగు కలిసిన చోటే నదిలో ఆక్సిజన్ అడుగంటదు. నీళ్లతో పాటు కిందికి పోతూ పోతూ బాక్టీరియా ఆ మురుగును తింటుంది, ఆక్సిజన్ వాడుకుంటుంది. మరోపక్క గాలిలోంచి ఆక్సిజన్ నీళ్లలోకి దిగుతూ ఉంటుంది. ఖర్చూ రాకా సమానమయ్యే చోట, ఎక్కడో దిగువన, చేపలకు అసలు గండం. ఆ చోటెక్కడో లెక్కగట్టే సమీకరణాన్ని స్ట్రీటర్, ఫెల్ప్స్ ఒహాయో నదిని పరిశీలించి 1925లో రాశారు. అది డిఫరెన్షియల్ ఈక్వేషనే. కాబట్టి ముక్కు చిట్లించకు.

అయినా లెక్కల కంటే నాకు ల్యాబ్ గురించే టెన్షన్. నీకో అలవాటుంది, గుర్తుందా? పుస్తకం వెనక జవాబు చూసుకుని, దానికి సరిపోయేలా మధ్యలో స్టెప్పులు అల్లేవాడివి. మీ అమ్మ తెలివి అనుకుని మురిసిపోయేది. నేను అప్పుడే చెవి మెలేయాల్సింది.

బీఓడీ పరీక్ష చేస్తావు కదా, అంటే నీళ్లలోని మురుగును తినడానికి బాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో చూసే పరీక్ష. శాంపిల్‌ను పలచన చేసి, బుడగ చేరకుండా సీసా నిండా పోసి, మూత బిగించి, చీకట్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచుతారు. మొదటి రోజు ఆక్సిజన్ ఎంత, ఐదో రోజు ఎంత, ఆ తేడాతో లెక్క. మాంగనీస్ ద్రావణం, క్షారం కలిపిన అయోడైడ్ వేయగానే సీసాలో గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే ఆక్సిజన్ మొత్తం అయిపోయినట్టు, అంటే నువ్వు పలచన చేసింది చాలలేదు. మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇంకో ఐదు రోజులు. సరిగ్గా అక్కడే పక్కవాడు అంటాడు, "ఏదో ఒక రీడింగ్ వేసెయ్‌రా, సార్ చూస్తాడా ఏంటి." రికార్డులో సంతకం కూడా పడిపోతుంది.

2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో ఏమైందో విను. భారీ వర్షాలకు పొలంలోని పశువుల ఎరువు లోతు తక్కువున్న ఒక మంచినీటి బావిలోకి దిగింది, దాంతో పాటు ప్రమాదకరమైన ఈ. కొలై బాక్టీరియా. ఎరువు వేసిన రైతు తప్పేమీ లేదు, పద్ధతి ప్రకారమే వేశాడు. నీళ్లలో క్లోరిన్ సరిపడా ఉండి ఉంటే ఇంత జరిగేది కాదు. అది ఎంత మిగిలిందో రోజూ కొలవాలి. ఆపరేటర్లు మాత్రం ఏళ్ల తరబడి చాలా రోజులు కొలవకుండానే లాగ్ షీటులో 0.5 అనో 0.75 అనో రాసుకుంటూ పోయారు. ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, అయిదు వేలు కూడా లేని ఊళ్లో. జడ్జి డెనిస్ ఓకానర్ విచారణ జరిపి, రోజూ కొలిచి ఉంటే ప్రమాదం చాలావరకు తగ్గేదని తేల్చారు.

నన్ను వదలనిది ఏంటంటే, వాళ్లు దుర్మార్గులు కారు. ఆ నీళ్లు శుభ్రమైనవేనని నమ్మారు, శుద్ధి చేయకుండా తామూ తాగేవారు. కొలవకుండా రాసిన మొదటి రోజు ఏమీ కాలేదు, రెండో రోజూ ఏమీ కాలేదు. అలా అలవాటైపోయింది. విచారణ నివేదిక వచ్చాక మా ల్యాబ్‌లో ఎవరి షీటులోనైనా వరసగా ఒకే అంకె కనిపిస్తే నాకు కాళ్లు చల్లబడేవి. "కొలిచారా, రాశారా?" అని అడిగేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చాదస్తురాలు అనుకునేవాళ్లు. అనుకోనీ.

అందుకని చిన్న ఉపాయం. ఐదు రోజుల పరీక్షను సోమవారం మొదలుపెడితే శనివారం తీయాలి, మంగళవారం పెడితే ఆదివారం. రాని రోజున పడ్డ రీడింగే మనిషి చేత అబద్ధం రాయిస్తుంది. బుధవారం పెట్టు, సోమవారం తీయొచ్చు. తెల్ల మడ్డి వస్తే తెల్ల మడ్డి అనే రాయి. మార్కులు పోతే పోనీ, మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

ఇంకో మాట. ఇంటర్న్‌షిప్‌లో ఎవరైనా "ఒక్క నిమిషం దిగి చూసి రా" అని మ్యాన్‌హోల్ చూపిస్తే దిగకు. గ్యాస్ మీటర్‌తో కొలవాలి, పైన తాడు పట్టుకుని మనిషి ఉండాలి, శిక్షణ ఉండాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. ముందు పడిపోయినవాణ్ణి తీద్దామని దిగినవాళ్లూ పోతుంటారు. పిరికివాడంటే అననీ నాన్నా, ఇంటికి రా చాలు.

నువ్వు చూస్తున్న కాలేజీల సిలబస్‌లు నాకు పంపు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఏ సెమిస్టర్‌లో ఉంది, ల్యాబ్‌లు ఎన్ని గంటలు, సీసాలను 20 డిగ్రీల దగ్గర ఉంచే ఇన్‌క్యుబేటర్లు పనిచేస్తున్నాయా అన్నది అక్కడి సీనియర్లను అడిగి కాగితం మీద రాసి పెట్టు. ఫీజు కట్టకముందే అడగాలి సుమా.

మీ పెద్దమ్మ