మార్గదర్శికలో ఊరి పేర్లు తలోరకంగా వస్తుంటే ఆటోమేటిగ్గా పట్టుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి తలొకరూ రాసే ఓపెన్ సోర్స్ బస్ టైమ్‌టేబుల్ యాప్ మార్గదర్శికలో ఒకే ఊరు ఒకచోట బరంపురం, ఇంకోచోట బెర్హంపూర్ అని వస్తోందని, దాన్ని ఎలా పట్టుకోవాలని ఒకరు అడిగారు. దీనికి రాతను మన రూల్స్ ప్రకారం చెక్ చేసే వేల్ (Vale) అనే ఉచిత టూల్ సరిపోతుంది. మార్క్‌డౌన్‌ని (ఇలాంటి మార్గదర్శికలు రాసే తేలిక ఫార్మాట్) అర్థం చేసుకుంటుంది కాబట్టి కోడ్ ముక్కల జోలికి వెళ్లదు.

రూల్స్ యామల్ (YAML) ఫైల్లో, అంటే సెట్టింగులు రాసే టెక్స్ట్ ఫైల్లో రాయాలి. సబ్‌స్టిట్యూషన్ (ఒక మాటకు బదులు ఇంకోటి సూచించే) రకం రూల్ తీసుకుని, అందులో స్వాప్ (swap) కింద ఎడమవైపు బెర్హంపూర్, కుడివైపు బరంపురం పెట్టండి. తెలుగులో అసలు చిక్కు విభక్తులతోనే. వేల్ మామూలుగా పదం హద్దులు చూసి వెతుకుతుంది, అందుకే "బెర్హంపూర్‌లో", "బెర్హంపూర్‌నుంచి" తప్పించుకుపోవచ్చు. అదే రూల్లో నాన్‌వర్డ్ (nonword) అనే సెట్టింగ్‌ని ట్రూ చేస్తే ఆ హద్దులు తీసేస్తుంది, పదం మధ్యలో ఉన్నా దొరుకుతుంది. ఇది మాత్రం మర్చిపోవద్దు.

తర్వాత దీన్ని గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్‌లో పనులు వాటంతటవే నడిపే సదుపాయం) కలిపితే ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ, అంటే ఎవరైనా తమ మార్పులు కలపమని పంపిన ప్రతిసారీ, చెక్ నడుస్తుంది. మొదట్లో రూల్ లెవెల్ (తప్పు తీవ్రత) వార్నింగ్‌గానే ఉంచండి. ఎర్రర్ పెడితే, సెట్టింగులను బట్టి చెక్ ఫెయిలవ్వచ్చు, మొదటిసారి రాసిన కాలేజీ పిల్లలు ఎర్ర గుర్తు చూసి టెన్షన్ పడి మళ్లీ రారు. వాళ్లు మనకు కావాలి. పాత పేజీలన్నీ సర్దాక, ఊరి పేర్ల రూల్ ఒక్కదాన్నే ఎర్రర్‌కి మార్చండి.