సమాధి గోడల మీద కొరియా దుస్తులు

ప్రశ్న: కొరియా చారిత్రక సీరియళ్లలో చూపే ప్రాచీన దుస్తులకు సమాధులలోని చిత్రాలే ఆధారమని విన్నాను. వాటిలో ఏముంది? ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: కొరియా ప్రాచీన రాజ్యాలలో ఒకటైన కొగుర్యో కాలపు దుస్తుల విషయంలో మీరు విన్నది చాలావరకు నిజం. నేటి ఉత్తర కొరియాలోనూ, చైనాలోని జియాన్ పరిసరాలలోనూ ఉన్న ఈ సమాధులను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఉత్తర కొరియాలోని అనాక్ 3వ సమాధి గోడ మీద వంటిల్లు ఉంది. పొయ్యి మీది పెద్ద ఆవిరి కుండ దగ్గర ఒకామె నిలబడి ఉండగా, మరొకామె కింద కూర్చుని మంట ఎగదోస్తూ ఉంటుంది. పక్క కొట్టులో కొక్కేలకు మాంసం వేలాడుతుంది. బావి దగ్గర నీళ్లు తోడేది అచ్చం మన ఏతమే. రాజుల యుద్ధాల కంటే ఈ వంటిల్లే నాకు చరిత్రలో విలువైనదిగా తోస్తుంది.

అయితే ఇవి చనిపోయిన యజమానికి పరలోకంలోనూ ఇవే సౌఖ్యాలు అమరాలని గీయించినవి. అందుకే యజమాని పెద్దగా, సేవకులు చిన్నగా ఉంటారు. సేవకుల సొంత జీవితం మనకు కనిపించదు. పైగా ఆ సమాధిలోని 357 నాటి రాత చైనా వైపు నుంచి వలస వచ్చిన తోంగ్ సు అనే అధికారిని గురించినది. సమాధి ఆయనదా, రాజుదా అన్న వాదన ఉన్నా, అక్కడి యజమాని దంపతుల వేషంలో చైనా పద్ధతి స్పష్టంగా ఉంది కనుక దానిని కొగుర్యో దుస్తులకు నమూనాగా తీసుకోకూడదు.

కొగుర్యో వారి సొంత తీరు తెలియాలంటే జియాన్‌లోని 5వ శతాబ్దపు నర్తకుల సమాధిని చూడాలి. చుక్కల బట్టలు, చేతివేళ్లను దాటి వేలాడే పొడవాటి చేతులు, నడుము కింది దాకా దిగి పట్టీతో బిగించిన పైవస్త్రం, కింద పైజామా లాంటి వస్త్రం, స్త్రీలకు కుచ్చిళ్ల పావడా, మెడ చుట్టూ, చేతుల చివర, అంచు వెంబడి వేరే రంగు పట్టీ ఆ చిత్రాలలో కనిపిస్తాయి. ఛాతీ దగ్గరే ఆగిపోయి, ముందు రిబ్బను ముడి వేసే పొట్టి రవిక చాలా శతాబ్దాల తరువాత, జోసన్ రాజవంశ కాలం (1392–1910) చివరలో స్థిరపడింది. కొగుర్యో కథలో నాయికకు అది తొడిగితే, ఆ వేషానికి ఈ గోడలలో ఆధారం లేదు.