టెక్ సందేహాలు: పాత కారుకు స్టీలు అల్లిక బ్రేకు హోసులు

ఈ శీర్షికకు సాధారణంగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల గురించి ఉత్తరాలు వస్తాయి. పాత కార్లకు తగిలించే స్కానర్ల గురించి ఆమధ్య రెండు మాటలు రాసిన పాపానికి, ఈసారి ఉత్తరాలన్నీ కారు కిందికి దూరాయి. అందులోనూ బ్రేకు హోసుల గురించి అడిగినవారే ఎక్కువ.

ప్రశ్న: నా కారుకు పాతికేళ్లు. బ్రేకు నొక్కితే పెడలు మెత్తగా లోపలికి దిగుతోంది. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు తీసేసి, స్టీలు అల్లిక ఉన్నవి ఇంట్లోనే వేసుకోవచ్చా? దానివల్ల బ్రేకులు నిజంగా మెరుగవుతాయా?

జవాబు: వేసుకోవచ్చు. అయితే ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం. దాని జవాబు విన్నాక మొదటిదాని అవసరమే మీకు ఉండకపోవచ్చు.

బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు గొట్టాల్లోని బ్రేకు ఆయిలు ఒత్తిడి 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది. టైర్లలో ఉండేది రెండు బార్ల పైచిలుకే. అంత ఒత్తిడికి రబ్బరు హోసు కొంచెం ఉబ్బుతుంది. ఉబ్బిన మేరకు పెడలు అదనంగా కిందికి దిగుతుంది. కొత్త హోసులో ఈ ఉబ్బు చాలా తక్కువ. ఏళ్ల తరబడి ఎండకూ వేడికీ నానిన హోసులో ఎక్కువ. స్టీలు అల్లిక హోసులో లోపలి గొట్టం టెఫ్లాన్‌ది. దాని చుట్టూ సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగలతో అల్లిన తొడుగు ఉంటుంది కనుక అది దాదాపు ఉబ్బదు. పెడలు గట్టిపడుతుంది, ఎంత నొక్కితే ఎంత బ్రేకు పడుతోందో పాదానికి తెలుస్తుంది.

కారు ఆగే దూరం మాత్రం దీనివల్ల తగ్గదు. దాన్ని తేల్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టు. పాత హోసులతోనే చక్రం బిగుసుకునేంత బ్రేకు పడుతుంటే, కొత్త హోసు కారును ఒక్క అడుగు ముందుగా కూడా ఆపలేదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. చెప్పని మాట ఇంకొకటి కూడా ఉంది: హోసు మార్చినప్పుడు ఎలాగూ బ్రేకు ఆయిలు కొత్తది పోసి, గొట్టాల్లో చేరి పెడలును మెత్తబరిచే గాలి అంతా తీస్తారు. ‘హోసులు మార్చాక బ్రేకులు అద్భుతంగా ఉన్నాయి’ అని సంబరపడేవారు మెచ్చుకోవలసినది చాలాసార్లు ఆ కొత్త ఆయిలునే.

అందుకే నా సలహా ఇది. ముందు హోసులను బాగా చూడండి. వంచి చూస్తే పగుళ్లు కనిపించినా, ఎక్కడైనా బుడిపెలా ఉబ్బినా, చివర్లలో తడి ఉన్నా మరో ఆలోచన లేకుండా మార్చాల్సిందే. అవేమీ లేకపోతే పాత హోసులతోనే ఆయిలు మార్చి, గాలి తీసి చూడండి. పెడలు గట్టిపడిందా, మీ సమస్య గాలిదే. రోజువారీ తిరిగే కారుకు కంపెనీ ఇచ్చే రకం కొత్త రబ్బరు హోసులు సరిపోతాయి. ఘాట్ రోడ్లలో వేగంగా నడిపేవారికి, పెడలు స్పర్శ మీద మక్కువ ఉన్నవారికి స్టీలు అల్లిక బాగుంటుంది. అది శాశ్వతం అనుకోవడం మాత్రం పొరపాటు. రబ్బరు పగిలితే పైకి కనిపిస్తుంది. స్టీలు తొడుగు కింద టెఫ్లాన్ గొట్టానికి ఏమైందో కనిపించదు.

కొనేటప్పుడు, చివరలను యంత్రంతో నొక్కి బిగించి, ఒత్తిడి పరీక్ష చేసిన హోసులనే తీసుకోండి. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లో మర తిప్పి బిగించుకునేవి ఈ పనికి వద్దు. అమెరికా వాహన భద్రతా ప్రమాణాల్లో 106వది బ్రేకు హోసులది. దాని ప్రకారం హోసు 4000 పీఎస్ఐ (సుమారు 276 బార్ల) ఒత్తిడిని 2 నిమిషాలు తట్టుకోవాలి. వంచి, గిరగిరా తిప్పుతూ 35 గంటలు నడిపినా చిట్లకూడదు. అల్లిక హోసులకు గండం సాధారణంగా ఈ రెండో పరీక్షలోనే. హోసు ఇనుప చివరలోకి దిగే చోట అదేపనిగా వంగి, తీగలు అలసిపోయి తెగుతాయి. అందుకే ఆ చోట పొట్టి రబ్బరు తొడుగో స్ప్రింగో ఉన్నవి మేలు. పైన ప్లాస్టిక్ పూత లేని అల్లిక, తనకు తగిలిన ప్రతిదాన్నీ ఆకురాయిలా అరగదీస్తుంది. పూత ఉన్నదే కొనండి.

ఇక పని. గట్టి, చదునైన నేల మీద కారు నిలిపి, నేల మీదే ఉండే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి, జాకీతో లేపాక బరువును జాకీ స్టాండ్ల మీదికి దించండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు.

ఈ పనిలో అసలు చిక్కు హోసుతో కాదు. దానికి పైనుంచి వచ్చి కలిసే లోహపు పైపు నట్టుతో. ఏళ్ల తుప్పుతో అది బిగుసుకుపోయి ఉంటుంది. ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. మామూలు స్పానరు నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది, కాస్త బలం పెడితే నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఫ్లేర్ నట్ స్పానరు అని ప్రత్యేకంగా దొరుకుతుంది. పైపు దూరేంత సందు వదిలి నట్టును దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. అది చేతిలో లేకుండా మొదలుపెట్టకండి. హోసు చివరను ఇంకో స్పానరుతో కదలకుండా పట్టుకుని నట్టు తిప్పాలి. నట్టుతో పాటు పైపు కూడా మెలితిరుగుతుంటే వెంటనే ఆపండి. ఇంకా తిప్పితే పైపు చిట్లుతుంది. కొత్త పైపు చేసి, దాని అంచు విప్పార్చడానికి వేరే పనిముట్లు, వేరే నేర్పు కావాలి. అక్కడితో అది మెకానిక్ పని అవుతుంది.

పైపు విప్పగానే ఆయిలు కారుతుంది. పెడలును ఒక అంగుళానికి పైగా నొక్కి, సీటుకూ పెడలుకూ మధ్య కర్ర ఆనించి ఉంచితే, తొక్కినప్పుడు ఆయిలును గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని రంధ్రం మూసుకుని కారడం బాగా తగ్గుతుంది. బ్రేకు దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ వైరు తీసేయండి. ఆయిలు పడితే కారు రంగు ఊడుతుంది. పడిన చోట వెంటనే నీళ్లు పోసి కడిగేయండి, అది నీటిలో కరుగుతుంది.

నట్టు తర్వాత హోసును బ్రాకెట్‌కు పట్టి ఉంచే క్లిప్పు తీసి, చివరగా క్యాలిపర్ (చక్రం దగ్గర బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) వైపు విప్పండి. బిగించేటప్పుడు దీనికి తిరగేసి. హోసు మెలిపడకూడదు. రబ్బరు హోసు మీద అచ్చు వేసిన గీత ఉంటుంది, అది వంకర తిరిగితే మెలిక తెలిసిపోతుంది. అల్లిక హోసు మీద గీత లేకపోతే మార్కరుతో మీరే గీసుకోండి. క్యాలిపర్ దగ్గర గుల్లబోల్టు ఉండే రకమైతే, హోసు చివరనుండే రింగుకు రెండు వైపులా రాగి వాషర్లు వస్తాయి. ప్రతిసారీ కొత్తవే వేయాలి, పాతవి ఒకసారి నలిగి గట్టిపడి ఉంటాయి. ఆ బోల్టు లోపల బోలుగా ఉంటుంది కనుక బలం చూపిస్తే తెగుతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, కారు మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి. ఒక చక్రం పూర్తయ్యాకే ఇంకోదాని జోలికి వెళ్లండి. అవతలి వైపు హోసు ఏ దారిన వెళుతోందో చూసుకోవడానికి అది విప్పకుండా ఉండాలి.

తర్వాత స్టీరింగును రెండు వైపులా చివరికంటా తిప్పండి. చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి ఒకసారి, జాకీతో పైకి నెట్టి ఒకసారి చూడండి. హోసు ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకు గానీ స్ప్రింగుకు గానీ తగలకూడదు. బండి ఎత్తు పెంచి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: కొన్న హోసు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతోంది. కొంచెం బలం పెడితే వెళ్లిపోతుందనిపిస్తోంది.

జవాబు: పెట్టకండి. చాలా కార్లలో ఇక్కడ 10 మిల్లీమీటర్ల మర, మరకు మరకు మధ్య 1 మిల్లీమీటరు దూరం ఉంటుంది. పాత బ్రిటిష్, అమెరికన్ కార్లలో అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల మర, అంగుళానికి 24 చుట్లు. రెండోదాని వ్యాసం సుమారు 9.5 మిల్లీమీటర్లు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో తిప్పితే మొదటి చుట్లు ఎక్కినట్టే ఉంటుంది. బలం పెడితే మర చెడుతుంది. లేదా అంతకన్నా ప్రమాదంగా, బిగిసినట్టు కనిపించి తొక్కినప్పుడు ఊడుతుంది. మర కొలిచే గేజీతో చూసుకోండి. మర కలిసినా, పైపు అంచు విప్పారిన తీరూ హోసు లోపలి కుదురూ ఒకదానికొకటి సరిపోవాలి. అందులోనూ రెండు మూడు రకాలున్నాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఐదు నిమిషాల పని.

ప్రశ్న: కొత్త హోసులు వేసి గాలి తీశాను. పెడలు మునుపటికన్నా మెత్తగా ఉంది. నకిలీ హోసులు అంటగట్టారా?

జవాబు: అంటగట్టి ఉండవచ్చు, కానీ ముందు గాలిని అనుమానించండి. క్యాలిపర్‌లో గాలి వదిలే నిపుల్ అన్నిటికన్నా పైన ఉండాలి. క్యాలిపర్లు విప్పినప్పుడు కుడిదీ ఎడమదీ తారుమారైతే నిపుల్ కిందికి పోతుంది, రోజంతా తొక్కినా గాలి రాదు. నిపుల్‌కు పారదర్శకమైన సన్న గొట్టం తగిలించి, రెండో కొస ఆయిలు ఉన్న సీసాలో మునిగేలా పెట్టండి. ఒకరు పెడలు మెల్లగా నొక్కి పట్టుకోవాలి, మీరు నిపుల్‌ను పావు చుట్టు తెరిచి, పెడలు వదలకముందే మూసేయాలి. పైన డబ్బాలో ఆయిలు అడుగంటితే మళ్లీ మొదటికి. దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలనేది అన్ని కార్లకూ వర్తించదు, మాన్యువల్‌లోని వరుస పాటించండి.

పాత కారులో ఇంకో ఉచ్చు ఉంది. రోజువారీ బ్రేకు వేసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ కొంత దూరమే కదులుతుంది. ఆ అవతల, ఎన్నడూ సీలు తాకని చోట తుప్పు పేరుకుంటుంది. గాలి తీసే ఊపులో పెడలును నేలకు తొక్కితే రబ్బరు సీళ్లు ఆ గరుకు మీదుగా పోయి చిరుగుతాయి. పెడలు కింద చెక్కముక్క పెట్టి సగం దాకానే నొక్కాలి. ఇప్పుడు పెడలును నొక్కి పట్టుకోండి. అలాగే మెల్లమెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా ఆ సీళ్లు పోయాయి. రెండుమూడుసార్లు వెంటవెంటనే తొక్కితే పైకి లేచి గట్టిపడుతోందా? అయితే లోపల గాలి ఉంది, లేదా వెనుక డ్రమ్ము బ్రేకుల షూలు డ్రమ్ముకు మరీ దూరంగా ఉన్నాయి.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారులో దాని పంపులోకి గాలి చేరితే మామూలుగా రాదు. కొన్ని మోడళ్లలో స్కానరుతో ఆ పంపును నడిపించాలి. చవక స్కానర్లలో చాలావాటికి ఇంజను లోపాల కోడ్లు చదవడమే వచ్చు. ఈ పని ఉందో లేదో, మీ మోడలుకు పనిచేస్తుందో లేదో చూసి కొనండి. పెడలు సరిగ్గా వచ్చేదాకా కారు కదిలించకండి. వచ్చాక ఇంజను నడుస్తుండగా ఒక నిమిషం బలంగా తొక్కి పట్టి, ఒక్కో అతుకూ కాగితంతో తుడిచి చూడండి. మొదటి పరుగు ఖాళీ స్థలంలో, నడక వేగంతో. కొన్ని రోజులయ్యాక అతుకులు ఇంకోసారి చూడాలి.

ప్రశ్న: బ్రేకు ఆయిలులో నీరు ఎంత ఉందో చెప్పే పెన్ను లాంటి పరికరం కొనవచ్చా?

జవాబు: ఆట వస్తువుగా అయితే సరే. అది కొలిచేది నీటిని కాదు, ఆయిలులో విద్యుత్తు ఎంత తేలిగ్గా ప్రవహిస్తోందో. ఒక్కో కంపెనీ ఆయిలుకు ఆ గుణం ఒక్కోలా ఉంటుంది, కాబట్టి పచ్చ దీపం వెలిగినంత మాత్రాన నిశ్చింత కాదు. డాట్ అంటే బ్రేకు ఆయిలు రకాన్ని తెలిపే గుర్తు. డాట్ 4 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. సుమారు 3.7 శాతం నీరు చేరాక కనీస హద్దు 155 డిగ్రీలే. దిగుడు రోడ్డులో మరిగి ఆవిరైతే ఆ ఆవిరి నలుగుతుంది తప్ప బ్రేకును నొక్కదు. ఆ డబ్బుతో కొత్త సీసా కొని, రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5.1 అనేది డాట్ 3, 4ల జాతిదే. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వాటితో కలపకూడదు.

ప్రశ్న: ఒక ముందు చక్రమే విపరీతంగా వేడెక్కుతోంది. క్యాలిపర్ మార్చమంటున్నారు. హోసు కారణమయ్యే అవకాశం ఉందా?

జవాబు: ఉంది, చాలామంది చూడనిది అదే. పాత హోసు పైకి నున్నగానే ఉండి, లోపలి రబ్బరు పొర లేచి తలుపులా అడ్డుపడుతుంది. తొక్కినప్పుడు ఆయిలు బలంగా దూసుకుపోతుంది, వదిలినప్పుడు వెనక్కి రాలేదు. చక్రం లేపి, బ్రేకు తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. తిరగకపోతే నిపుల్ కొద్దిగా తెరవండి. అప్పటికీ తిరగకపోతే క్యాలిపరే పట్టేసింది. తిరిగితే ఒత్తిడి పైన ఎక్కడో చిక్కుకుంది. నిపుల్ మూసి, మళ్లీ తొక్కి వదిలి, ఈసారి హోసు పైచివర లోహపు పైపు నట్టు వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు మాస్టర్ సిలిండర్ వైపు. వదలకపోతే తప్పు హోసుదే. అలాంటి హోసును ఒక వైపే కాక రెండు వైపులా మార్చండి, రెండిటి వయసూ ఒకటే కదా. తీసిన దాన్ని పారేసే ముందు బ్లేడుతో నిలువుగా చీల్చి చూడండి, లేచిన పొర కనిపిస్తుంది.