అరికాళ్ల మంటకు గంజాయి నూనె?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాయినకు 64 ఏండ్లు. 15 ఏండ్ల సంది షుగరుంది. రాత్రయితే అరికాళ్లల్ల మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు. దుప్పటి తగిలినా ఓర్వలేడు, బకెట్ నీళ్లల్ల కాళ్లు పెట్టుకొని కూసుంటడు. ప్రిగాబాలిన్ గోలీలతో సగమే తగ్గింది. గంజాయి నూనె చుక్కలు వేస్తే పోతదని, ఇప్పుడు మత్తు లేని రకం కూడా వచ్చిందని మా బామ్మర్ది అంటున్నడు. తెప్పించమంటారా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: వద్దు. అయితే మీ బామ్మర్ది మాట పూర్తిగా అబద్ధం కాదు.

గంజాయిలో మత్తెక్కించేది టీహెచ్‌సీ. అది నరాల కణాల మీదుండే సీబీ1 అనే గ్రాహకాన్ని, అంటే కబురందుకునే తలుపులాంటిదాన్ని, పట్టుకుంటే నొప్పి కబురు మందగిస్తుంది. చిక్కేమిటంటే ఆ సీబీ1 కాళ్ల నరాల్లోనూ ఉంది, మెదడులోనూ ఉంది. మెదడులో పట్టుకుంటే మత్తు, తూలుడు, మతిమరుపు.

2025 మార్చిలో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చదివి నాకు నిజంగా సంబరమైంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ, స్టాన్‌ఫర్డ్ వాళ్లు వీఐపీ36 అనే అణువును తయారు చేసి, దానికి ధనావేశం తగిలించారు. మెదడు రక్తనాళాల గోడలు అలాంటివాటిని తేలిగ్గా లోపలికి రానివ్వవు. కాబట్టి అది చాలావరకు ఒంటి నరాల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో సమస్య, ఇలాంటి మందులకు ఒళ్లు అలవాటుపడి మోతాదు పెంచాల్సి రావడం. సీబీ1లో దాగి ఉన్న చిన్న అర ఒకటి కంప్యూటర్ లెక్కల్లో బయటపడితే, ఆ అణువు అందులోకి దూరేలా మలిచారు. దాంతో అలవాటుపడటం బాగా తగ్గింది.

ఇదంతా ఎలుకల్లో. జంతువుల్లో బాగున్నంత మాత్రాన మనుషులకు సరిపడుతుందనలేం. 2016లో ఫ్రాన్స్‌లోని రెన్‌లో, ఒంట్లోనే పుట్టే గంజాయి తరహా పదార్థాన్ని పెంచే మందును పరీక్షిస్తుంటే ఆరోగ్యంగా ఉన్న వలంటీరు ఒకరు చనిపోయారు. ముందు జంతువులకు ఇచ్చి చూసిన మందే అది.

మీ తొందర నాకు తెలుసు. మా అమ్మకు సర్పి మానాక కూడా నడుం చుట్టూ ఏడాదిపాటు మంట ఉండేది. చీర కట్టు తగలకుండా ఒక చేత్తో ఎత్తిపట్టుకొని, ఇంకో చేత్తో కూర కలిపేది. అది చూస్తుంటే ఎవరేం చెప్పినా తెచ్చిపెడదామనిపించేది.

కానీ ఆ గంజాయి నూనె సీసాలో టీహెచ్‌సీ ఎంతుందో ఎవరు చెప్తారు? ప్రిగాబాలిన్‌కే మగతగా ఉంటుంది. దానికి ఇది తోడై, రాత్రి లేచినప్పుడు బీపీ పడిపోయి కింద పడితే తుంటి విరుగుతుంది. పైగా గంజాయి దగ్గరుంటే 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కేసు.

మీ నాయిన షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష చేయించండి. ఏండ్ల తరబడి ఆ గోలీ వేసుకుంటే బీ12 తగ్గుతుంది, నరాల మంట ముదురుతుంది. నరాల నొప్పికి ఇచ్చే డులోక్సెటిన్ కలపొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. పూతమందూ ఉంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా విప్పితే చేతులు మండించే క్యాప్సైసిన్‌తోనే దాన్ని చేస్తారు. కాళ్లకు పుండు లేదని చూశాకే రాయాలి.

నీళ్ల బకెట్ మాత్రం ఈ రాత్రి నుంచే మాన్పించండి. వేళ్ల సందులు నానితే పుండు పడుతుంది, స్పర్శ తగ్గిన కాలికి అది తెలియదు. పడుకునే ముందు లైటు వేసి, రెండు అరికాళ్లూ మీరే చూడండి.